ఈ పాయింటు ఆ గీత మీద ఉందా లేదా? పెట్టి చూసుకోవడం ఎలగంటే

మా మేనకోడలు తొమ్మిదో తరగతి, ఇక్కడ పర్లాకిమిడిలోనే, బళ్ళో ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, ట్యూషన్లో ఇంగ్లీషు గైడు. మొన్న సాయంత్రం గ్రాఫ్ బుక్ పట్టుకొచ్చి "మావయ్యా, (1, 3) ఈ గీత మీద ఉందా లేదా అని అడిగారు, నేను గీసి చూశాను, మీదే ఉంది, వెనకాల ఆన్సర్లో లేదని ఉంది, పుస్తకం తప్పా ఏటి?" అంది. చూస్తే నిజమే, చుక్క గీత మీద కూర్చున్నట్టే ఉంది. కాకపోతే పెన్సిల్ ముక్కు మొద్దు, గీతే ఓ మిల్లీమీటరు మందం, దాని మీద పెట్టిన చుక్క ఆవగింజంత. పైగా పేజీ సరిపోదని అర సెంటీమీటరుకి ఒక యూనిట్ తీసుకుంది. అలగైతే ఏ చుక్కైనా ఏ గీత మీదైనా ఉంటుంది.

పుస్తకం కరెక్టే. సమీకరణం ఇది: 3ఎక్స్ − 2వై + 4 = 0. ఎక్స్ దగ్గర 1 పెట్టండి, వై దగ్గర 3 పెట్టండి. 3 − 6 + 4 = 1. రావాల్సింది సున్నా, వచ్చింది ఒకటి, కాబట్టి ఆ పాయింటు గీత మీద లేదు. అయిపోయింది, గ్రాఫూ అక్కర్లేదు స్కేలూ అక్కర్లేదు.

ఇంత చిన్న పనికి పిల్లలు ఎందుకు తడబడతారా అని చాలా రోజులు ఆలోచించాను, నాకు తెలిసినంతలో సగం ఇబ్బంది మాటలతోనే. తెలుగు పుస్తకంలో "బిందువు సమీకరణాన్ని తృప్తిపరచును" అని ఉంటుంది. తృప్తిపరచడం ఏటి, అదేమైనా భోజనమా? కోఆర్డినేట్లకి తెలుగులో నిరూపకాలు అంటారు, మా పిల్ల ఒడియా పుస్తకంలో స్థానాంకాలు, గైడులో ఇంగ్లీషు ముక్క, మూడూ ఒకటేనని ఎవరూ చెప్పరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే, జనం మాట్లాడే మాటలోనే రాయండయ్యా అని ఆయన పోరాడింది ఇక్కడి నుంచే, సవరల భాష నేర్చుకుని దాని మీద పనిచేసిందీ ఇక్కడే, ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం కూడా చేసుకుంటాం, మరి లెక్కల పుస్తకం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ "తృప్తిపరచును" దగ్గరే ఉన్నాం. సర్లెండి, ఆ గోల పక్కనపెడదాం, మనం మామూలు మాటల్లో చెప్పుకుందాం.

సమీకరణం అంటే ఒక షరతు. వై = 8ఎక్స్ + 20 అంటే "నీ దగ్గర ఉన్న ఎక్స్‌ని ఎనిమిదితో గుణించి ఇరవై కలిపితే నీ వై రావాలి" అని. ఈ షరతుకి ఒప్పుకున్న పాయింట్లన్నీ ఒకచోట చేరితే అదే గీత, ఒప్పుకోని ఒక్క పాయింటు కూడా అందులో ఉండదు, ఒప్పుకున్నది ఒక్కటి కూడా బయట ఉండదు. ఈ రెండో ముక్క కూడా ముఖ్యమే. చాలామంది పిల్లలు గీతని ముందు గీసి, సమీకరణం దాని పేరో నెంబరో అనుకుంటారు, బండికి నెంబరు ప్లేటులాగ. కాదు, సమీకరణమే గీత, కాగితం మీద మనం గీసింది దాని బొమ్మ మాత్రమే.

ఆటో లెక్క చెప్తే పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. లెక్క కోసం అనుకుందాం, మనూరి స్టేషను దగ్గర ఆటో ఎక్కితే ముందు 20 రూపాయలు, తర్వాత కిలోమీటరుకి 8 (నిజంగా ఎంత అడుగుతారో అది వేరే కథ, అది డ్రైవరు మూడ్‌ని బట్టి). ఎక్స్ అంటే కిలోమీటర్లు, వై అంటే కిరాయి. పాతపట్నం దాకా వెళ్ళొచ్చినాయన "5 కిలోమీటర్లు, 60 ఇచ్చాను" అన్నాడు. 8 × 5 = 40, ఇరవై కలిపితే 60, ఇచ్చింది 60. ఈ పాయింటు గీత మీద ఉంది. ఇంకొకాయన "7 కిలోమీటర్లు, 80 తీసుకున్నాడు" అన్నాడు. 56 + 20 = 76. ఇచ్చింది 80, రావాల్సింది 76, పాయింటు గీత మీద లేదు, నాలుగు రూపాయలు గీతకి పైన ఉంది, అంటే ఆయన దగ్గర నాలుగు ఎక్కువ లాగారన్నమాట. ఎవరైనా 70కే వస్తే ఆ పాయింటు గీతకి కింద. మీద ఉందా లేదా అన్నదే కాదు, లేకపోతే ఎటు ఉంది ఎంత ఉంది అన్నది కూడా అదే లెక్కలోంచి వచ్చేస్తుంది, దీని గురించి తర్వాత ఇంకా చెప్తాను.

ఇప్పుడు చేసే పద్ధతి. పాయింటు బ్రాకెట్లో మొదటి అంకె ఎక్స్, రెండోది వై, ఎప్పుడూ ఇంతే. సమీకరణంలో వై ముందు రాసున్నా సరే (వై = ఏదో అని ఉంటుంది కదా, అక్కడే తప్పుతారు), బ్రాకెట్లో మొదటిది ఎక్సే. పాయింటు కింద పెన్సిల్‌తో చిన్నగా ఎక్స్, వై అని రాసుకోండి, సిగ్గుపడక్కర్లేదు. తర్వాత ఎడమపక్క విడిగా చెయ్యండి, కుడిపక్క విడిగా చెయ్యండి, మధ్యలో సమానం గుర్తు అప్పుడే పెట్టకండి. ఇది నా పట్టుదల, మా ట్యూషన్ పిల్లలకి ఇది విని విని విసుగొచ్చేసింది. ఎందుకంటే మనం చెక్ చేస్తున్నదే ఆ రెండూ సమానమా అని, ముందే సమానం అని రాసేసి కింద 76 = 80 అని రాస్తే అది అబద్ధం రాసినట్టు, పైగా కొంతమంది అక్కడితో ఆగకుండా 76 ని అటు పంపి 4 = 0 అని ఇంకేదో కనిపెట్టేస్తుంటారు. రెండు పక్కలా విడిగా వచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టి చూసి, ఒకటే అయితే ఉంది, కాకపోతే లేదు. ఆఖర్న ఒక వాక్యం కూడా రాయాలి, ఉందనో లేదనో, అది రాయకుండా అంకెలతో వదిలేస్తే మార్కు పోతుంది.

మైనస్ దగ్గర ఒక క్షణం ఆగాలి. అదే 3ఎక్స్ − 2వై + 4 = 0 తీసుకుని (−2, −1) పెట్టండి. బ్రాకెట్ వెయ్యకుండా పెడితే చాలామంది −6 − 2 + 4 = −4 అని రాసి, లేదు అనేస్తారు. బ్రాకెట్ వేసి పెడితే 3 × (−2) − 2 × (−1) + 4, అంటే −6 + 2 + 4, అంటే సున్నా. ఉంది! మైనస్ అంకె ఎక్కడ పెట్టినా దానికి బ్రాకెట్ తొడగండి, ప్లస్ అంకెకీ తొడిగినా నష్టం లేదు. నేను చూసినంతలో ఈ టాపిక్‌లో పోయే మార్కుల్లో ఎక్కువ ఇక్కడే పోతాయి, లెక్క రాక కాదు, బ్రాకెట్ బద్ధకం.

ఎక్స్, వై తారుమారు చేస్తే ఏమవుతుందో నోట్లతో చూడండి. కిరాణా కొట్లో 200కి చిల్లర అడిగారు, పది రూపాయల నోట్లు ఎక్స్, ఇరవై రూపాయల నోట్లు వై. 10ఎక్స్ + 20వై = 200, అంతా పదితో భాగిస్తే ఎక్స్ + 2వై = 20. (4, 8) అంటే పదులు నాలుగు, ఇరవైలు ఎనిమిది: 4 + 16 = 20, సరిపోయింది. తిరగేసి (8, 4) అంటే 8 + 8 = 16, సరిపోలేదు, డబ్బుల్లో చూస్తే 160 రూపాయలే, కొట్టువాడు మీకు నలభై ఎగ్గొట్టినట్టు. అంకెలు అవే, పాయింటు వేరు.

ఇదే లెక్కలో ఇంకో సంగతుంది. (−2, 11) పెట్టి చూడండి. −2 + 22 = 20. గీత మీద ఉంది! (5, 7.5) కూడా ఉంది, 5 + 15 = 20. కానీ మైనస్ రెండు పది నోట్లూ ఏడున్నర ఇరవై నోట్లూ ఎవరిస్తారు? గీత మీద ఉందా అన్న ప్రశ్నకి జవాబు ఉంది అనే రాయాలి, ఆ పాయింటు నిజం చిల్లరకి పనికొస్తుందా అన్నది ఇంకో ప్రశ్న, రెండూ కలపకూడదు. అలగే రెండు చుక్కల మధ్య ముక్కని రేఖాఖండం అంటారు, దాని మీద ఉందా అని అడిగితే సమీకరణం ఒక్కటీ చాలదు, ఎక్స్ ఆ రెండు చివరల మధ్యలో పడిందా అని కూడా చూడాలి (గీత నిలువుగా ఉంటే వై చూడాలి). గీత రెండు పక్కలా అంతులేకుండా పోతుంది, ముక్క పోదు.

ఎక్స్ = 3 అని ఒక్కటే ఇస్తే పిల్లలు వై ఎక్కడ మావయ్యా అని వెతుక్కుంటారు. వై మీద షరతే లేదు, అంతే. (3, 100) ఉంది, (3, −7) ఉంది, (100, 3) లేదు. వై = −2 కూడా ఇలాగే, ఎక్స్ ఏదైనా ఒకటే. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

భిన్నాలు వస్తే మాత్రం కొంచెం నిదానం. వై = (2/3)ఎక్స్ − 1 అనుకోండి. భిన్నం చూసి భయపడేవాళ్ళు ముందే అంతా మూడుతో గుణించేసుకోండి, 3వై = 2ఎక్స్ − 3, ఇదీ అదీ ఒకే గీత. (3, 1) పెడితే 3, 6 − 3 = 3, ఉంది. (1, −1/3) పెడితే ఎడమపక్క −1, కుడిపక్క 2 − 3 = −1, ఉంది. ఇప్పుడు ఒకడు కాలిక్యులేటర్లో −1/3 ని −0.33 చేసి (1, −0.33) పెట్టాడు. ఎడమపక్క −0.99, కుడిపక్క −1. దగ్గరే కదా అంటాడు. దగ్గర ఉండటం వేరు, మీద ఉండటం వేరు, బస్టాండు పక్కన నిలబడితే బస్సు ఎక్కినట్టు కాదు. 0.33 అన్నది 1/3 కాదు, కాబట్టి ఆ పాయింటు గీత మీద లేదు. భిన్నాన్ని భిన్నంలాగే ఉంచండి.

ఈ దగ్గర, మీద గొడవకి మా ఊరి రైలు పట్టాలే మంచి ఉదాహరణ. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన లైను చిన్న గేజు, పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాలు, అంటే 30 అంగుళాలు. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, ఆపైన బ్రాడ్ గేజు చేశారు, పెద్దవాళ్ళింకా ఆ పాత చిన్న రైలు కబుర్లు చెప్తూనే ఉంటారు, నడిచే బండి దిగి పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవాళ్ళమని (అది కోతో నిజమో నాకు తెలీదు గానీ అందరిళ్ళలోనూ చెప్తారు). అంగుళానికి సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, కాబట్టి అంగుళాల్ని మిల్లీమీటర్లు చేసే గీత వై = 25.4ఎక్స్. చిన్న గేజుకి రాసే కొలత 762 మిల్లీమీటర్లు. (30, 762) పెట్టండి: 25.4 × 30 = 762. సరిగ్గా గీత మీద ఉంది. ఇప్పుడు బ్రాడ్ గేజు, అయిదడుగుల ఆరంగుళాలు, అంటే 66 అంగుళాలు, రాసేది 1676 మిల్లీమీటర్లు. (66, 1676) పెట్టండి: 25.4 × 66 = 1676.4. లేదు! 0.4 తేడా. రైలుకేం కాదు, ఇంజినీరు దృష్టిలో అది రౌండ్ చేసిన అంకె, కానీ లెక్కల పరీక్షలో గీత మీద ఉందా అంటే లేదనే రాయాలి. మా పిల్లకి ఇది చెప్పినప్పట్నుంచి బడికెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి పట్టాలు చూసి నవ్వుకుంటుందట.

జ్వరం థర్మామీటరు కూడా ఇంతే. సెల్సియస్ ఎక్స్, ఫారెన్‌హీట్ వై అయితే వై = 1.8ఎక్స్ + 32. (0, 32) ఉంది, (100, 212) ఉంది, (37, 98.6) ఉంది, 66.6 + 32 కదా. (−40, −40) పెట్టండి: −72 + 32 = −40, ఉంది, అక్కడ రెండు కొలతలూ ఒకటే అంకె. (38, 100) మాత్రం లేదు, 68.4 + 32 = 100.4. ముప్పై ఎనిమిదంటే వంద జ్వరం అని నోటిమాటగా అంటాం గానీ గీత ఒప్పుకోదు.

కంటిని నమ్మొద్దని ఇంతసేపు చెప్తున్నాను కదా, నమ్మనివాళ్ళు ఈ పని చెయ్యండి, పది నిమిషాలు పడుతుంది, ఒక గ్రాఫ్ కాగితం, కత్తెర చాలు. 8 గళ్ళు × 8 గళ్ళు చదరం కత్తిరించండి, 64 గళ్ళు. దాన్ని 3 × 8 ముక్కా 5 × 8 ముక్కా చెయ్యండి. 3 × 8 ముక్కని మూల నుంచి మూలకి కోస్తే రెండు త్రిభుజాలు. 5 × 8 ముక్కని ఏటవాలుగా కొయ్యాలి, ఒక పొడుగు అంచు మీద ఎడమ నుంచి 3 గళ్ళ దగ్గర మొదలెట్టి ఎదుటి అంచు మీద ఎడమ నుంచి 5 గళ్ళ దగ్గరికి, అప్పుడు ఒకేలాంటి రెండు ముక్కలొస్తాయి, ఒక పక్క 3, ఎదురుపక్క 5, మధ్య ఎత్తు 5. ఇప్పుడు నాలుగు ముక్కల్నీ 5 × 13 దీర్ఘచతురస్రంలా పేర్చండి. పడుకోబెట్టిన త్రిభుజం, దాని పక్కన ఒక వాలు ముక్క, పైన అవే తిరగేసి. చక్కగా సరిపోతాయి. 5 × 13 = 65. అరవై నాలుగు గళ్ళు అరవై అయిదు అయిపోయాయి! ఒక గడి ఎక్కణ్ణుంచి వచ్చింది?

మా అరుగు మీద ఇది చూపిస్తే పిల్లలతో పాటు వాళ్ళ నాన్నలు కూడా గంట సేపు బుర్ర గోక్కున్నారు. ఒకాయన కత్తెర బాలేదన్నాడు, ఇంకొకాయన గళ్ళు మళ్ళీ లెక్కపెట్టాడు. సంగతేటంటే, మధ్యలో మూల నుంచి మూలకి కనబడే అతుకు తిన్నని గీత అని మన కన్ను అనుకుంటుంది. కింది ఎడమ మూల (0, 0), పై కుడి మూల (13, 5). వాటిని కలిపే గీత 5ఎక్స్ − 13వై = 0. (13, 5) పెడితే 65 − 65 = 0, బాగుంది. కింది త్రిభుజం కొస (8, 3) దగ్గర ఉంటుంది. పెట్టండి: 40 − 39 = 1. సున్నా కాదు! పైన పెట్టిన త్రిభుజం కొస (5, 2) దగ్గర పడుతుంది: 25 − 26 = −1. అదీ సున్నా కాదు. ఒకటి గీతకి ఒక పక్క, రెండోది ఇంకో పక్క. ఆ రెండింటి మధ్యా మూల నుంచి మూలదాకా సన్నటి ఖాళీ ఉంది, దాని వైశాల్యం సరిగ్గా ఒక్క గడి. దొంగ గడి అక్కడుంది. గడి ఒక సెంటీమీటరు అయినా, ఎక్స్ 8 దగ్గర గీత ఎత్తు 40/13, అంటే 3.077 దరిదాపు, కొస 3 దగ్గర, తేడా ముప్పాతిక మిల్లీమీటరు. కత్తెర మందానికే సరిపోతుంది. కంటికి ఎక్కడ కనబడుతుంది?

ఆ 1, −1 లో మైనస్ ప్లస్ ఏం చెప్తున్నాయో చూశారు కదా. ఒక పక్కనున్నవన్నీ మైనస్, ఇంకో పక్కనున్నవన్నీ ప్లస్, మీద ఉన్నవి సున్నా. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే గీత ఒడిశా ఆంధ్రా బోర్డరు అనుకోండి, ప్లస్ వస్తే ఇటు, మైనస్ వస్తే అటు, సున్నా వస్తే సరిగ్గా బోర్డరు మీద నిలబడ్డారు (నిజం బోర్డరు తిన్నగా ఏమీ లేదు, అది వేరే సంగతి, 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా ఊరు ఇటొచ్చింది, చుట్టాల్లో సగం అటుండిపోయారు). ఏ పక్క ప్లసో గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గీత (0, 0) గుండా పోకపోతే (0, 0) పెట్టి చూస్తే తెలిసిపోతుంది. 3ఎక్స్ − 2వై + 4 లో (0, 0) పెడితే 4, ప్లస్, కాబట్టి ప్లస్ వచ్చే పాయింట్లన్నీ మూలబిందువు ఉన్న వైపే. (−1, 1) పెడితే −3 − 2 + 4 = −1, అది అవతలి వైపు. ఒక్క మాట, అంతా ఒకే పక్కకి తెచ్చి, ఇంకోపక్క సున్నా పెట్టుకున్నాకే ఈ గుర్తుల మాట.

ఎంత దూరంలో ఉందో కూడా కావాలంటే వచ్చిన అంకెని గుర్తు తీసేసి ఎక్స్, వై ముందున్న అంకెల వర్గాలు కూడి వర్గమూలం తీసి దాంతో భాగించండి. మా పిల్ల (1, 3) కి వచ్చింది 1, ముందున్న అంకెలు 3, −2, వర్గాలు 9 + 4 = 13, వర్గమూలం 3.6 చిల్లర, దూరం 0.28 దరిదాపుల్లో. అర సెంటీమీటరు యూనిట్ అయితే 1.4 మిల్లీమీటర్లు. పెన్సిల్ మొద్దుది, పాపం దాని తప్పేముంది.

పరీక్షలో ఇంకో రకంగా అడుగుతారు, పాయింటు గీత మీద ఉందని వాళ్ళే చెప్పేసి ఒక అంకె దాచేస్తారు. (కె, 4) అనేది 2ఎక్స్ − 5వై = 6 మీద ఉంది, కె ఎంత? ఇప్పుడు మాత్రం సమానం ధైర్యంగా పెట్టొచ్చు, ఎందుకంటే ఉందని వాళ్ళే చెప్పారు. 2కె − 20 = 6, 2కె = 26, కె = 13. తెచ్చి పెట్టి చూసుకోండి, 26 − 20 = 6, సరిపోయింది. కొన్నిసార్లు పాయింటు పూర్తిగా ఇచ్చి గీతలో అంకె దాస్తారు, కెఎక్స్ + 3వై = 11 అనేది (4, 1) గుండా పోతుంది అంటారు, 4కె + 3 = 11, కె = 2. పద్ధతి అదే, దొంగ ఎక్కడ దాక్కున్నాడన్నదే తేడా.

సమీకరణం ఇవ్వకుండా మూడు పాయింట్లు ఇచ్చి ఒకే గీత మీద ఉన్నాయా అంటే (తెలుగులో సరేఖీయాలు అంటారు) రెండింటితో సమీకరణం కట్టి మూడోది అందులో పెట్టడమే. (−1, −1), (2, 5), (6, 12) ఇచ్చారనుకోండి. మొదటి రెండింట్లో ఎక్స్ 3 పెరిగితే వై 6 పెరిగింది, వాలు 2, కాబట్టి వై = 2ఎక్స్ + సి, (2, 5) పెడితే సి = 1. వై = 2ఎక్స్ + 1. ఇప్పుడు (6, 12): 2 × 6 + 1 = 13, ఉన్నది 12, లేదు. చివర్లో పెట్టి చూడాల్సింది మూడో పాయింటుని, కొంతమంది కట్టడానికి వాడిన పాయింటునే మళ్ళీ పెట్టి ఉంది ఉంది అని సంబరపడతారు, అది ఉండక ఎక్కడికి పోతుంది, దాంతోనే కదా కట్టాం. రెండు పాయింట్లకీ ఎక్స్ ఒకటే అయితే, (3, 1), (3, 5) లాగ, వాలు కట్టబోతే కింద సున్నా వస్తుంది, కంగారు పడకుండా ఎక్స్ = 3 అని రాసుకోండి.

బిట్ పేపరులో నాలుగు ఆప్షన్లిచ్చి ఏది గీత మీద ఉంది అంటే నాలుగూ గుణించుకుంటూ కూర్చోకండి. 2ఎక్స్ + 3వై = 12 అని ఉంది, ఆప్షన్లు అన్నీ పూర్ణాంకాలు అనుకోండి. 3వై మూడుతో పోతుంది, 12 మూడుతో పోతుంది, కాబట్టి 2ఎక్స్ కూడా మూడుతో పోవాలి, అంటే ఎక్స్ మూడో ఎక్కంలో ఉండాలి. అలగే వై సరిసంఖ్య అవ్వాలి. (4, 1) చూడగానే కొట్టెయ్యొచ్చు. కాకపోతే ఇది కొట్టెయ్యడానికే పనికొస్తుంది, ఒప్పుకోవడానికి కాదు: (3, 4) లో ఎక్స్ మూడో ఎక్కంలోనే, వై సరిసంఖ్యే, పెడితే 6 + 12 = 18, లేదు. ఒక పాయింటు దొరికితే మిగతావి అడుగులేసుకుంటూ పోవచ్చు కూడా, ఎక్స్ 3 పెంచి వై 2 తగ్గిస్తే గీత దిగరు: (0, 4), (3, 2), (6, 0), (9, −2).

ఫోన్లో జియోజీబ్రా లాంటి గ్రాఫులు గీసే యాప్‌లు వాడే పిల్లలున్నారు, మంచిదే, వాడండి, గీత ఎలా ఉందో తెలుస్తుంది. కానీ స్క్రీన్ మీద చుక్క కూడా పెన్సిల్ చుక్కలాంటిదే, గీత మీద లేని చుక్కైతే వేళ్ళతో జూమ్ చేసుకుంటూ పోతే గీత నుంచి విడిపోయి కనబడుతుంది. కంప్యూటరుని లెక్క అడిగినా జాగ్రత్తే. పైథాన్ (కంప్యూటరుకి పని చెప్పే భాష) నేర్చుకుంటున్న కుర్రాడొకడు వై = ఎక్స్ + 0.2 మీద (0.1, 0.3) ఉందా అని అడిగితే లేదంది, మేస్టారూ కంప్యూటరుకి కూడికలు రావేటి అని నా మీదకొచ్చాడు. అది లోపల అంకెల్ని సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో రాసి దాచుకుంటుంది, 0.1 అందులో సరిగ్గా ఇమడదు, 0.1 + 0.2 అడిగితే 0.30000000000000004 అని చూపిస్తుంది, 0.3 తో పోలిస్తే తేడా అంటుంది. చేత్తో చేస్తే 0.1 + 0.2 = 0.3, పాయింటు గీత మీదే ఉంది. అలాంటిచోట అంతా పదితో గుణించి 10వై = 10ఎక్స్ + 2 అని రాసుకుని, 10వై అంటే 3, 10ఎక్స్ + 2 అంటే 1 + 2 అని పూర్ణాంకాలతో అడగమన్నాను, అప్పుడు ఒప్పుకుంది.

చేసి చూసుకోడానికి ఓ నాలుగు ఇస్తున్నాను, గ్రాఫ్ బుక్ ముట్టుకోకుండా చెయ్యండి. గీత 4ఎక్స్ − 3వై = −5. పాయింట్లు (1, 3), (−2, −1), (−1, −2), (1/4, 2). మూడోది రెండోదాన్ని తిరగేసిందే, కావాలనే ఇచ్చాను. మొదటిది ఉంది, 4 − 9. రెండోది ఉంది, −8 + 3. మూడోది లేదు, −4 + 6 = 2. నాలుగోది 1 − 6, ఉంది. మా మేనకోడలికి నాలుగోది తప్పు వచ్చింది, 1/4 ని 0.3 అని రాసింది, పావు కిలోకి మూడొందల గ్రాములు తూస్తే కొట్టువాడు మురిసిపోతాడా అని అడిగితే దిద్దుకుంది.